కోర్డోబాలో రెండున్నర రోజులు: తిండి, నమాజు, అత్తగారి మోకాళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం స్పెయిన్ మీదే. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లి, పనిలో పనిగా ఓ శని ఆదివారాలు ఇంకో ఊరు చూసొద్దాం అనుకునేవాళ్లు మన విజయనగరం, శ్రీకాకుళం వైపు బాగానే ఉన్నట్టున్నారు. అందులో ఒక ఉత్తరానికి వివరంగా జవాబు రాయాల్సి వచ్చింది, మిగతావి చిన్నవి.

ప్రశ్న: మేం విజయనగరంలో బాబామెట్ట దగ్గర ఉంటామండి. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా అబ్బాయి మ్యూనిక్‌లో పని చేస్తున్నాడు. అక్టోబరులో నేను, మావారు, మా అత్తగారు వాడి దగ్గరకు వెళ్తున్నాం. శుక్రవారం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా స్పెయిన్‌లో కోర్డోబా గాని గ్రనడా గాని చూపిస్తానంటున్నాడు. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, రెండూ చూసేద్దాం అని మావారు. అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, ఐదు పూటలా నమాజు తప్పరు, హలాల్ కాని మాంసం ముట్టరు. స్పెయిన్ అంటే ఎక్కడ చూసినా పంది మాంసం, వైనూ అని విన్నాం. ఉరుకులు పరుగులు లేకుండా, తిండి టెన్షన్ లేకుండా వెళ్లిరావాలంటే ఎలా? జర్మనీ వీసా మీద స్పెయిన్ వెళ్లొచ్చా?
— ఒక టీచర్, విజయనగరం

జవాబు: టీచరుగారూ, ముందు మీవారికి నచ్చజెప్పండి, రెండూ వద్దు. మ్యాపులో ఆ రెండు ఊళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి, రైల్లో గంటన్నర పైచిలుకు అంతే, కానీ హోటల్ ఖాళీ చెయ్యడం, సూట్‌కేసులు లాక్కెళ్లడం, స్టేషన్లో సామాను స్కానింగు, కొత్త ఊళ్లో టాక్సీ, గది తాళం చేతికొచ్చేదాకా లాబీలో అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుచూడ్డం, ఇదంతా కలిపితే మీ చేతిలో ఉన్న రెండున్నర రోజుల్లో సగం రోజు పైనే హారతి కర్పూరం. విశ్రాంతిగా తిరగాలి అని మీరే రాశారు కదా, అలాంటప్పుడు ఒక ఊరు, ఒకే గది, రోజుకు ఒక్క పెద్ద చోటు. అంతకు మించి పెట్టుకోకండి.

ఆ ఒక్క ఊరు మీకైతే కోర్డోబా. గ్రనడా తక్కువదని కాదు, కానీ అక్కడ ఊరంతా ఎక్కడం దిగడమే, అల్‌హాంబ్రా అనే పాత ముస్లిం రాజుల కోట కొండ మీద ఉంటుంది, దానికి ఎదురు కొండ మీద పాతబస్తీ, కోట లోపలే మూడు గంటలకు తక్కువ కాకుండా నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి అది శిక్ష. కోర్డోబా పాత ఊరు గువాదల్‌కివిర్ నది ఒడ్డున ఇంచుమించు చదునుగా ఉంటుంది, మెస్కీటా (ఒకప్పటి పెద్ద మసీదు, ఇప్పుడు చర్చి), రోమన్ వంతెన, పాత యూదుల పేట, రాజుల కోట తోటలు అన్నీ పది పదిహేను నిమిషాల నడకలోనే. ఒక్కటే చిక్కు, ఆ పేట సందుల్లో చాలాచోట్ల నున్నటి ఏటి గులకరాళ్లు నిలువుగా పాతి ఉంటాయి, పల్చటి చెప్పులేసుకుంటే ఒక్కో రాయీ అరికాలికి తగులుతుంది. అత్తగారికి మందపాటి అడుగున్న బూట్లు ఇక్కడే కొని, నెల ముందునుంచే మన విజయనగరం కోట చుట్టూ వాటితోనే నడిపించి అలవాటు చేయించండి. కొత్త బూట్లు అక్కడ తొడిగితే బొబ్బలు ఖాయం.

వీసా సంగతి. జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లేది) స్పెయిన్ వెళ్లొచ్చు, మీ ప్రయాణంలో ఎక్కువ రోజులు జర్మనీలోనే కాబట్టి జర్మనీ వీసాకే పెట్టుకోవడం పద్ధతి కూడా. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల ముందుకన్నా ఆలస్యం కాకూడదు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మ్యూనిక్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకి వెళ్లే విమానంలో పాస్‌పోర్ట్ మీద ముద్ర వెయ్యరు గాని పాస్‌పోర్టులు దగ్గర ఉండాల్సిందే, హోటల్‌వాళ్లు వివరాలు రాసుకోవడం అక్కడ చట్టం. మాలగాలో దిగితే కోర్డోబాకి వేగం రైల్లో గంట. ఇంకో మాట, అక్టోబరు 12 స్పెయిన్ జాతీయ దినం, ఆ తేదీ దగ్గర్లో పడే శని ఆదివారాలకు స్పెయిన్‌వాళ్లే ఊళ్లమీద పడతారు, గదుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. దానికి అటో ఇటో పెట్టుకోండి.

ఇప్పుడు నమాజు వేళలు. మీ ప్రయాణంలో ఇది అడ్డు కాదు, పైగా రోజును ఎలా నడపాలో ఇదే చెప్పేస్తుంది. స్పెయిన్ భూమ్మీద ఉన్న చోటుకీ అక్కడి గడియారానికీ పొంతన లేదు, జర్మనీ గడియారమే అక్కడా నడుస్తుంది కాబట్టి అక్టోబరు మొదట్లో కోర్డోబాలో సూర్యుడు ఉదయించేసరికి ఎనిమిది దాటిపోతుంది. అంటే ఫజర్‌కి, తెల్లవారుజాము నమాజుకి, చీకట్లో మూడింటికో నాలుగింటికో లేవక్కర్లేదు, పావు తక్కువ ఏడుకి సమయం మొదలవుతుంది. మధ్యాహ్నం జొహర్ రెండు దాటాకే. పొద్దుగుంకాక మగ్రిబ్ ఇంచుమించు ఎనిమిదికి, రాత్రి ఇషా తొమ్మిది దాటాక. ఇంకా బాగున్న సంగతేమిటంటే ఆ ఊళ్లో మధ్యాహ్న భోజనం రెండింటికి గాని మొదలవ్వదు, రెస్టారెంట్లలో పొయ్యి నాలుగింటికి ఆపేసి మళ్లీ రాత్రి ఎనిమిదీ ఎనిమిదిన్నరకే వెలిగిస్తారు, చిన్న దుకాణాలు కూడా రెండు నుంచి ఐదు దాకా తలుపులు మూసుకుంటాయి. కాబట్టి పొద్దున తిరిగి, రెండింటికి గదికొచ్చి జొహర్ చదువుకుని, తిని, కునుకు తీసి, అసర్ (సాయంత్రపు నమాజు) అయ్యాక సాయంత్రం బయటికొస్తే మీ అత్తగారి దినచర్యా ఊరి దినచర్యా ఒక్కటే అయిపోతాయి. దీనికి ఎదురెళ్లి మధ్యాహ్నం మూడింటికి ఎండలో సందులు తిరిగేవాళ్లే ఊళ్లో ఏమీ లేదు, అన్నీ మూసేశారు అని సణుగుతారు.

అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు, మీ తేదీలు దాని తర్వాత పడితే పైన చెప్పిన వేళలన్నీ ఒక గంట ముందుకొస్తాయి, పైగా రోజు రోజుకీ పొద్దు కురచవుతుంటుంది. యాప్‌లో ఆ ఊరి పేరు కొట్టి చూసుకోండి. ఖిబ్లా, అంటే నమాజుకి తిరిగే మక్కా దిక్కు, విషయంలో అత్తగారికి ముందే చెప్పండి, మన దగ్గర పడమటికి తిరిగి నిలబడతాం, అక్కడ తూర్పుకి, కొంచెం దక్షిణం వైపు. గదిలోకి అడుగుపెట్టగానే మీ అబ్బాయి చేత దిక్కు చూపించి కుర్చీ అటు వేయించేస్తే ఆవిడ స్థిమితపడతారు. ముసాఫిర్‌కి ఖసర్ (ప్రయాణికులు నమాజు కుదించి చదవడం) సంగతి మీ ఇమామ్‌గారిని అడిగి తేల్చుకుని వెళ్లండి, అక్కడికెళ్లాక చర్చలు పెట్టుకోవద్దు. శుక్రవారం మధ్యాహ్నానికి చేరిపోతే మీవారికీ అబ్బాయికీ జుమాకి (శుక్రవారం సామూహిక నమాజుకి) ప్లాసా దె కొలోన్ అనే తోటలో ఒక చిన్న మసీదు ఉంది, చోటు తక్కువ, కాస్త ముందుగా వెళ్లమనండి.

ఇక తిండి. మీ భయం ఉత్తదేం కాదు. అక్కడ పంది మాంసం కూరగానే కాదు, కారప్పొడిలా పైన చల్లడానికి కూడా వాడతారు. కోర్డోబా పేరు చెప్పగానే అందరూ తినమనే సాల్మొరెహో అని ఒకటుంది, టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బిన చల్లటి చిక్కటి సూపు, వినడానికి శుద్ధ శాకాహారం, కానీ పళ్లెం మీ ముందుకొచ్చేసరికి మధ్యలో తరిగిన ఉడికిన గుడ్డూ, దాని పక్కనే ఎర్రటి సన్నటి ముక్కలూ ఉంటాయి. ఆ ఎర్ర ముక్కలే హామోన్, ఆరబెట్టిన పంది తొడ. వచ్చాక ఏరి పక్కన పెడితే అత్తగారు ఒప్పుకోరు కదా, అందుకని ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సిన్ హామోన్" అనాలి, హామోన్ లేకుండా అని. నాలుగు మాటలు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి: సిన్ సెర్దో అంటే పంది లేకుండా, సిన్ మాంతేకా అంటే పంది కొవ్వు లేకుండా, సిన్ ఆల్కొహోల్, సిన్ వినో. కోపమేం పడరు, మామూలుగా వినేదే. మీ అబ్బాయి ఫోన్ అనువాదం మీద ఆధారపడితే వెయిటర్ చేతికి ఫోన్ ఇచ్చి పుచ్చుకోవడంతోనే సరిపోతుంది.

వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసిచ్చే వంటకం ఒకటుంది, బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ అంటారు, మన నాలుకకి వెంటనే ఎక్కేది అదే. కానీ పిండిలో కొన్ని చోట్ల బీరు కలుపుతారు, అడగాలి. అదే నూనెలో ఫ్లమెంకీన్ అనే పంది మాంసం చుట్టలు కూడా వేయిస్తారు కాబట్టి పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు వేపుళ్ల జోలికి పోకపోవడమే మంచిది. కోడిగుడ్డూ బంగాళదుంపలతో చేసే మందపాటి తోర్తియా, కాల్చిన చేప, సలాడ్, బాదం వెల్లుల్లితో చేసే తెల్లటి చల్లటి సూపు, ఆలివ్‌లు, ఇవన్నీ అడిగి తినొచ్చు. ఉడకబెట్టిన పప్పులూ శనగలూ చూసి మోసపోవద్దు, రుచికి లోపల ఎముకో చోరీసో (పంది మాంసం సాసేజ్) ముక్కో వేస్తారు. మిఠాయి దుకాణంలో మాంతెకాదోస్, పోల్వోరోనెస్ అని పొడి పొడిగా రాలిపోయే బిస్కెట్లు కనబడతాయి, చాలావరకు పంది కొవ్వుతోనే చేస్తారు, మ్యూనిక్‌కి తీసుకెళ్లి పంచేద్దామని అట్టపెట్టెలు కొనేసే ముందు వెనకాల అచ్చు చదవండి.

మాంసం కావాలంటే హలాల్ బోర్డున్న చోటే. మొరాకో, సిరియా, పాకిస్తాన్ వాళ్లు నడిపే హోటళ్లు, కబాబ్ దుకాణాలు ఉంటాయి, "కార్నిసెరియా హలాల్" అని రాసుంటే అది మాంసం కొట్టు. స్పెయిన్‌లో హలాల్ ధ్రువీకరణ ఇచ్చే ఇన్‌స్టిట్యూటో హలాల్ సంస్థ కోర్డోబా కేంద్రంగా పనిచేసేదే, ప్యాకెట్ల మీద వాళ్ల ముద్ర కనబడుతుంది. నా సలహా అడిగితే మాత్రం హోటల్ గది కన్నా చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, కింద అంతస్తులోనో లిఫ్ట్ ఉన్నదో చూసుకుని మరీ. పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, ఫొటోల్లో ఆ మాట చెప్పరు. రాత్రి పూట అత్తగారికి ఇంత అన్నం, పప్పు పడిందంటే మర్నాడు ఆవిడే మిమ్మల్ని లేపుతారు. ఆదివారం సూపర్ మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చేసుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు.

మెస్కీటా శనివారం పొద్దున పెట్టుకోండి, ఆదివారం వద్దు, ఆ రోజు ఉదయం చర్చి పూజల వల్ల సందర్శకులకు వేళలు కుదిస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు టికెట్ లేకుండా లోపలికి పంపే ఆనవాయితీ ఉంది, వెళ్లేముందు వాళ్ల సైట్‌లో ఒకసారి చూసుకోండి. డబ్బులు కలిసొస్తాయని కాదు నేను చెప్పేది. అప్పటికి పెద్ద గుంపులు రావు, సూర్యుడు అప్పుడే పైకొస్తుంటాడు, ఫజర్ చదువుకుని టీ తాగి తిన్నగా వెళ్తే లోపల అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడని గంట దొరుకుతుంది.

లోపల 856 స్తంభాలు. అన్నీ ఒకలా ఉండవు, చాలావాటిని పాత రోమన్, విసిగోత్ (ముస్లింలకు ముందు స్పెయిన్‌ని ఏలినవాళ్లు) కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టారు, ఒకటి నల్లరాయి, దాని పక్కది గులాబీ రంగు. తెచ్చిన స్తంభాలు పొట్టివి కావడంతో కప్పు ఎత్తుకు అందక, కమాను మీద ఇంకో కమాను కట్టారు, ఎర్ర ఇటుక ఒకటి, తెల్లరాయి ఒకటి, మార్చి మార్చి. పిల్లలకు పాఠం చెప్పేవారు కాబట్టి మీకు ఈ వరస పనికొస్తుంది: మొదటి అబ్దుర్ రహ్మాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టాడు, తర్వాత రెండో అబ్దుర్ రహ్మాన్, రెండో అల్ హకమ్, అల్ మన్సూర్ ఒకరి తర్వాత ఒకరు పెంచుకుంటూ పోయారు. బంగారు రంగు మొజాయిక్‌తో మెరిసే మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గూడు) అల్ హకమ్ కాలానిది, దానికి బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి పనివాళ్లను రప్పించారు. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో ఊరు పట్టుకోగానే దాన్ని చర్చి చేశారు, 1523లో సరిగ్గా మధ్యలో స్తంభాలు తీసేసి పెద్ద కథీడ్రల్ కట్టడం మొదలుపెట్టారు. స్తంభాల అడవిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తల పైకెత్తితే తెల్లటి చర్చి గోపురం. చాలామంది ముస్లిం సందర్శకులకు అక్కడ మనసు కలుక్కుమంటుంది, మీ అత్తగారికి ఈ సంగతి ఇంట్లో ఉండగానే చెప్పి తీసుకెళ్లండి. బయట నారింజ చెట్ల ప్రాంగణంలోకి ఎప్పుడైనా టికెట్ లేకుండా వెళ్లి కూర్చోవచ్చు, మీరూ అబ్బాయీ లోపల ఇంకో చుట్టు తిరుగుతామంటే ఆవిడని అక్కడ అరుగు మీద కూర్చోబెట్టండి. గంటల గోపురం ఎక్కడం మీ అబ్బాయికి వదిలెయ్యండి, దానికి టికెట్ వేరే.

శనివారం సాయంత్రం రోమన్ వంతెన చాలు. వాహనాలు రావు, అవతలి కొసన కలావొర్రా బురుజు ఉంది, అందులో అల్ అందలుస్ (ముస్లింలు ఏలిన స్పెయిన్) కాలం మీద మ్యూజియం. వెనక్కి తిరిగి చూస్తే నది మీదుగా మెస్కీటా మొత్తం కనబడుతుంది.

ఆదివారం ఇంటిల్లిపాదీ ఒకేచోటికి వెళ్లి తీరాలని రూలేం లేదు. మీరు సోషల్ టీచర్, మదీనా అజ్‌జహ్రా చూడకుండా వస్తే తర్వాత బాధపడతారు, 929లో ఖలీఫాగా ప్రకటించుకున్న మూడో అబ్దుర్ రహ్మాన్ 936లో కట్టించడం మొదలుపెట్టిన రాజనగరం అది, ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కొండవాలు మీద ఉంటుంది. నూరేళ్లు కూడా నిలవలేదు, అంతర్యుద్ధంలో 1010 ప్రాంతంలో పాడుబడిపోయింది, 2018లో యునెస్కో జాబితాకెక్కింది. అక్కడ వాలూ మెట్లూ ఉన్నాయి, అందుకని మీరూ అబ్బాయీ పొద్దున్నే వెళ్లొచ్చేయండి, ఆదివారం మధ్యాహ్నానికే మూసేస్తారు. మీవారూ అత్తగారూ ఆలోగా వియానా భవనానికి వెళ్తారు, పన్నెండు లోగిళ్లున్న పాత జమీందారీ ఇల్లు, గోడలనిండా పూలకుండీలు, నీళ్ల తొట్లు, నీడలో కూర్చోడానికి చోటు. అదీ ఆదివారం మధ్యాహ్నం దాకానే, సోమవారం సెలవు.

హమ్మామ్ (అరబ్బుల తరహా స్నానశాల) అని బోర్డులు కనబడతాయి, పేరు చూసి ఆడవాళ్లకు వేరుగా ఉంటుందనుకోకండి, ఈత దుస్తుల్లో ఆడా మగా కలిసే వెళ్లేవి ఎక్కువ. ముందే కనుక్కోండి, లేదంటే దాని బదులు యూదుల పేటలో పుదీనా టీ పోసే దుకాణాల్లో కూర్చోండి.

ప్రశ్న: మెస్కీటాలో రెండు రకాతులు నమాజు చదువుకోనిస్తారా? అది కాలిపోయిందని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?
— నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: చదువుకోనివ్వరు. అది ఇప్పుడు కథీడ్రల్, చర్చివాళ్ల నిర్వహణలో ఉంది, సెక్యూరిటీవాళ్లు కనిపెట్టుకునే ఉంటారు. 2010లో ఆస్ట్రియా నుంచి వచ్చిన ముస్లిం బృందంలో కొందరు లోపల నమాజుకి దిగితే గొడవ జరిగి ఇద్దర్ని అరెస్టు చేశారు. అక్కడ వాదన పెట్టుకుంటే కుటుంబం మొత్తం వీకెండ్ పాడవుతుంది, మనసులో దువా చేసుకుని బయటికొచ్చి గదిలో చదువుకోండి. కాలిపోయిందన్నది సగం నిజం. 2025 ఆగస్టులో మంటలు రేగి ఒక పక్క గది కప్పు కూలింది, ఫైరింజన్లు అదుపులోకి తెచ్చాయి, మర్నాడే సందర్శకులకు తెరిచారు. స్తంభాలూ మిహ్రాబూ క్షేమం.

ప్రశ్న: మాది శ్రీకాకుళం, ఇద్దరం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్నాం, పెళ్లయి ఆర్నెల్లు. జూలైలో ఒక వీకెండ్ గ్రనడా అనుకుంటున్నాం. హలాల్ తింటాం. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి.
— ఒక కొత్త జంట

జవాబు: మీకు గ్రనడాయే సరైనది, నడవండి. అల్‌హాంబ్రా టికెట్ దొరికాకే విమానం టికెట్ కొనండి, ఆ వరసలోనే, ఎందుకంటే వారాల ముందే అయిపోతాయి. టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్ట్ చూస్తారు, నస్రిద్ (గ్రనడాను ఏలిన ఆఖరి ముస్లిం రాజవంశం) రాజభవనాల్లోకి వెళ్లే గంట అచ్చేసి ఉంటుంది, ఆ వేళ దాటితే బతిమాలినా పంపరు. జూలైలో మధ్యాహ్నం ఎండ దంచేస్తుంది, కానీ ఊరు ఏడొందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రాత్రికి హాయిగా ఉంటుంది, రాజభవనాలకు రాత్రి సందర్శన కూడా ఉంది, కొత్త జంటకి అంతకన్నా ఏం కావాలి. మీలో ఎవరికైనా అరబీ చదవడం వస్తే గోడల మీద వెతకండి, "వ లా గాలిబ ఇల్లల్లాహ్" అని ఎక్కడ పడితే అక్కడ చెక్కి ఉంటుంది, అల్లాహ్ తప్ప విజేత లేడు అని అర్థం, నస్రిద్ రాజుల నినాదం. ఆ మాట రాయించుకున్న వంశమే 1492 జనవరి 2న కోట తాళాలు క్రైస్తవ రాణీ రాజులు ఇసబెల్, ఫెర్నాండోల చేతిలో పెట్టింది, ఆ ఇద్దరి సమాధులు కింద ఊళ్లో రాజుల చాపెల్‌లో ఉన్నాయి.

ఎదురు కొండ మీద అల్బైసిన్ పేటలో సాన్ నికోలాస్ వ్యూపాయింట్ పక్కనే 2003లో తెరిచిన పెద్ద మసీదు ఉంది. నమాజుకి అక్కడికే వెళ్లండి, తోటలోంచి అల్‌హాంబ్రా ఎదురుగా కనబడుతుంది. జూలైలో ఇషా రాత్రి పదకొండు దాటాకే, పగలు పడుకోకపోతే నిలబడలేరు. తినడానికి కాల్దెరెరియా నువేవా వీధిలో మొరాకో టీ కొట్లు, హోటళ్లు వరసగా ఉంటాయి, హలాల్ అని బోర్డున్నా ఒకసారి అడగండి, వైన్ అమ్మే హోటలైతే కూర్చోవాలా వద్దా మీ ఇష్టం. ఒక చోట మాత్రం జాగ్రత్త, గ్రనడా బార్లలో మీరు జ్యూస్ అడిగినా దాంతోపాటు ఒక చిన్న పళ్లెం తినుబండారం ఊరికే ఇస్తారు, తాపా అంటారు, ఏమిస్తారో వాళ్ల ఇష్టం, చాలాసార్లు అందులో పంది ముక్కే ఉంటుంది. ఊరికే వచ్చింది కదా అని నోట్లో వేసుకోకండి.

ప్రశ్న: మేం శుద్ధ శాకాహారులం, ఉల్లి వెల్లుల్లి తింటాం గాని గుడ్డు కూడా ముట్టం. ఈ హలాల్ హోటళ్లు మాకేమైనా పనికొస్తాయా?
— రాజాం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బాగా పనికొస్తాయండి, స్పెయిన్‌వాళ్ల మామూలు హోటళ్ల కన్నా ఇవే నయం. ఫలాఫెల్ (శనగల వడలు), హుమ్ముస్ (శనగల ముద్ద), కూరగాయలతో కుస్‌కుస్ (గోధుమ రవ్వ వంటకం) దొరుకుతాయి, కుస్‌కుస్ మాత్రం మాంసం రసం వెయ్యకుండా చేశారా అని అడగాలి. స్పెయిన్ హోటల్లో శాకాహారం అంటే చేప పర్లేదు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, సలాడ్ అడిగితే పైన టూనా చేప వేసి తెస్తారు. "సిన్ ఆతూన్, సిన్ వెవో" అనండి, టూనా వద్దు, గుడ్డు వద్దు. పొద్దున పూట కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె రాసిస్తారు, అది ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, కడుపు నిండుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కోర్డోబాలో చదువుకుంటోంది. చూడ్డానికి వెళ్తూ చికెన్ పచ్చడి, నేతి సున్నుండలు, ఆవకాయ, జీడిపప్పు, రెండు కొబ్బరికాయలు పట్టుకెళ్దామని. హలాల్ కోడే, ఇంట్లో చేసిందే. ఏమైనా అంటారా?
— పలాస నుంచి ఒక తల్లి

జవాబు: చికెన్ పచ్చడి, సున్నుండలు ఇంట్లోనే వదిలెయ్యండమ్మా. హలాలా కాదా అన్నది అక్కడ ఎవరూ అడగరు, యూరప్ బయటినుంచి మాంసం పదార్థాలూ పాల పదార్థాలూ మామూలుగా ప్రయాణికులు తేకూడదు, నెయ్యి కూడా పాల పదార్థమే. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే తీసి పారేస్తారు, జరిమానా కూడా వెయ్యొచ్చు. ఆవకాయకి ఇబ్బంది లేదు, నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి చెకిన్ సామానులో పెట్టండి, చేతి సంచిలో పెడితే ద్రవాల లెక్కలో ఆపేస్తారు. జీడిపప్పు వేయించింది తీసుకెళ్లండి. పచ్చి పళ్లకు సర్టిఫికెట్ కావాలి గాని దానికి మినహాయింపు ఉన్న అయిదింటిలో కొబ్బరికాయ ఒకటి, అరటిపళ్లు, ఖర్జూరాలు, అనాసపళ్లు, డూరియన్ మిగతావి. కాబట్టి మీ ఉద్దానం కొబ్బరికాయలు దర్జాగా వెళ్తాయి, పీచు మొత్తం తీసేసి పెట్టండి, సూట్‌కేసు నిండా రాలుతుంది.